ముందు బాటసారిని చదువు

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. చరిత్ర పుస్తకాలు చదవాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదని రాశావు. రాజవంశాల పట్టికలతో మాత్రం మొదలుపెట్టకు. ముందు ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ చదువు.

ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఒకరి మాటని ఇంకొకరి భాషలోకి మార్చి చెప్పేవాడు. 1830 మేలో పెద్ద పరివారంతో బయల్దేరి హైదరాబాదు, నాగపూర్, ప్రయాగ మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరుకి మళ్లీ మద్రాసు వచ్చాడు. మద్రాసులో రైలు కూత వినపడటానికి ఇంకా పాతికేళ్లుంది. దారిలో చూసిందంతా రాసి కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే స్నేహితుడికి పంపేవాడు. వీరాస్వామయ్య పోయాక, 1838లో దాన్ని అచ్చు వేయించింది ఆ పిళ్లైగారే. ఆ స్నేహం లేకపోతే మనకి ఈ పుస్తకమే లేదు!

ఇంతకీ ఆయన ఏం రాశాడు? మజిలీకి మజిలీకి మధ్య దూరమెంత, బాట ఎలా ఉంది, ఊళ్లో అంగళ్లున్నాయా, నీళ్లు దొరుకుతాయా. ఆ ఊళ్లోనే పుట్టి పెరిగినవాడికి ఇవి రాయాలని తోచదు, రోజూ చూసేవే కదా. బాటసారికి అవి తెలియకపోతే పూట గడవదు, అందుకే రాసుకుంటాడు. మామూలు జనం ఎలా బతికారో నాకు శాసనాల కంటే ఇలాంటి పుస్తకాల్లోనే ఎక్కువ దొరికింది. ఒక్కటి గుర్తుపెట్టుకో, ఆయన ఇంగ్లీషువాళ్ల కొలువులో ఉన్న మనిషి. నిజాం ఇలాకా గురించి, కుంఫిణీ (ఈస్టిండియా కంపెనీ) ఇలాకా గురించి రాసేటప్పుడు ఆ కొలువు ప్రభావం కనిపిస్తూనే ఉంటుంది.

చదివేటప్పుడు పక్కన ఒక చరిత్ర పుస్తకం కూడా పెట్టుకో. ఆయన కోస్తా మీదుగా తిరిగొచ్చిన మరుసటి ఏడాదే, 1832లో, గుంటూరు ప్రాంతంలో డొక్కల కరువు మొదలైంది. లక్ష మందికి పైగా పోయారు. అది తెలిశాక, ఆయన మామూలుగా రాసుకుంటూ పోయిన అంగళ్ల మాటలు, నీళ్ల మాటలు చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. ఆయన దాటిన గోదావరికి అప్పటికి ఆనకట్ట కూడా లేదు. కాటన్ దొర పని మొదలుపెట్టింది 1847లో, పూర్తయింది 1852లో. ఆ తర్వాతే కాలవలు, రెండు పంటలు, పచ్చటి డెల్టా. శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రిగారి ఆత్మకథ ‘అనుభవాలు-జ్ఞాపకాలూనూ’లో నువ్వు మురిసిపోయి చదివిన గోదావరి సీమ ఆ నీళ్లతో మారిన సీమే. శాస్త్రిగారు పుట్టింది 1891లో. అంటే ఆనకట్ట తర్వాత రెండో తరం. రచయితని ఊరు తయారుచేసిందంటాం, ఆ ఊరిని ఎవరు తయారుచేశారో మాత్రం అడగం. నన్నడిగితే అడగాల్సింది అదే.

విజయనగరం సంగతీ అంతే. గురజాడ సంస్థానంలో పనిచేశాడని అందరికీ తెలుసు. కానీ 1897 నాటి ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకి ఆయన ఇంగ్లీషులో రాసిన పీఠిక చదివావా? విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్లిళ్లు లెక్క తీయమని మహారాజా ఆనంద గజపతి పురమాయించాడట. మూడేళ్లలో జరిగినవి లెక్కిస్తే 1,034 తేలాయి. ఆ పెళ్లికూతుళ్లలో ఐదేళ్లు కూడా నిండని పిల్లలున్నారు. ఆ లెక్క చూశాక మళ్లీ నాటకం తెరిస్తే, చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇచ్చే పెళ్లి మాట వచ్చిన ప్రతిచోటా నవ్వు ఆగిపోతుంది నాకు. ఆ ముసలాయన అప్పుడు కేవలం హాస్య పాత్రగా కనిపించడు.

అందుకని ముందు వీరాస్వామయ్య, తర్వాత శ్రీపాద, ఆ తర్వాత గురజాడ పీఠికా, నాటకమూ కలిపి చదువు. కాశీయాత్ర భాష మొదట్లో కొంచెం అడ్డం పడుతుంది, పాత వాక్యాలు బాగా పొడుగు. హైదరాబాదు చేరేదాకా ఓపిక పట్టు, అక్కణ్ణుంచి అదే లాక్కెళ్తుంది. హైదరాబాదు వర్ణన చదవగానే నాకు రాయి, మిగతావి అయ్యేదాకా ఆగకు.

ఇట్లు,
నీ వాడు