వారోత్సవాలు సరే, మిగతా 51 వారాల సంగతేంటి?

సంపాదకుల వారికి నమస్కారం.

నవంబర్ 14 వస్తే చాలు, 20వ తేదీ దాకా జిల్లా పేజీ నిండా గ్రంథాలయ వారోత్సవాల ఫొటోలే. జ్యోతి వెలిగించే అతిథులు, వెనకాల ఫ్లెక్సీ, వ్యాసరచనలో ఫస్టొచ్చిన పిల్ల చేతిలో స్టీలు గిన్నె. తప్పని అనను, ఆ వారమైనా గేటు ముందు ముగ్గు పడుతుంది. కానీ 21వ తేదీన అదే గుమ్మం ఎక్కి "ఏడో తరగతి పిల్లకి ఏదైనా మంచి పుస్తకం చెప్పండి" అని అడిగి చూడండి. మా మండలంలోని శాఖా గ్రంథాలయంలో నాకొచ్చిన జవాబు ఇది: "ఏటమ్మా, పుస్తకాలా? బీరువాలో ఉన్నాయి, సారొచ్చాక చూసుకోండి." చెప్పినావిడ ఊడ్చి తుడిచే మనిషి. సారుకి ఇంకో ఊరి గ్రంథాలయం కూడా ఇన్‌చార్జి, ఆ పూట అటు వెళ్లారు, తాళంచెవి ఆయన దగ్గరే ఉంది.

ఆయన్ని తిట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఒక్క మనిషి రెండు చోట్ల తలుపులు తీసి, పేపర్లు సర్ది, రిజిస్టర్లు రాసి, కరెంటు బిల్లు సంగతి చూసి, ఆపైన పిల్లల ముందు కూర్చుని ఇది చదువమ్మా అని చెప్పాలంటే ఎక్కడవుతుంది? నా బాధల్లా పుస్తకం పేరు చెప్పే పని ఎవరి పనీ కాకుండా పోయిందని. పుస్తకాలు లేవంటే నేను ఒప్పుకోను. మర్నాడు బీరువా తెరిచాక చూశాను కదా, గ్రంథాలయాలకి పుస్తకాలిచ్చే కేంద్ర సంస్థ రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ ముద్ర ఉన్న పుస్తకాలు వరసగా ఉన్నాయి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ల పిల్లల పుస్తకాలు బొమ్మలతో సహా కొత్తవి కొత్తగానే ఉన్నాయి. ఒకటి తీసి వెనక అట్ట తిప్పితే గడువు తేదీ వేసే చీటీ మీద ఒక్క ముద్ర కూడా లేదు. ఇంకోదాంట్లో రెండు పేజీలు అంచు కోయకుండా అంటుకునే ఉన్నాయి, అంటే అచ్చాఫీసు నుంచి వచ్చాక దాన్ని పూర్తిగా తెరిచిన మనిషే లేడన్నమాట.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి పెద్దదిక్కు ఎస్.ఆర్. రంగనాథన్ గారు. 1931లో ఆయన రాసిన అయిదు సూత్రాల్లో రెండోది ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, మూడోది ప్రతి పుస్తకానికీ ఒక పాఠకుడు. ఆగస్టు 12న ఆయన ఫొటోకి దండ వేస్తారు. ఆ మూడో సూత్రం మా బీరువా దాకా మాత్రం రాలేదు.

దీనికి పెద్ద ఖర్చేం లేదండీ. గుమ్మం పక్కన ఒక బల్ల వేసి, నెలకో పాతిక పుస్తకాలు తాళం లేకుండా దాని మీద పెట్టండి. చదివినవాళ్లు ఒక చిన్న చీటీ రాసి అట్టకి గుచ్చాలి, ఇది ఎవరికి నచ్చుతుంది, ఎక్కడ బోరు కొడుతుంది, ఎన్నో పేజీ దాటితే ఊపందుకుంటుంది, అంతే. పండితులు రాసిన పీఠికల కన్నా ఎనిమిదో క్లాసు కుర్రాడు రాసిన "మొదట్లో విసుగు, తర్వాత దెయ్యం వస్తుంది" అన్న ముక్క ఎక్కువ పని చేస్తుంది. పుస్తకాలు పోతాయంటారా, ఒకటో రెండో పోవచ్చు. ఎవరో చదవడానికే పట్టుకెళ్లారనుకుందాం, బీరువాలో చెదలు తినేదానికన్నా నయమే కదా!

చీటీలు రాసేదెవరు అని అడుగుతారు. పొద్దున్నే వచ్చి కూర్చునే డీఎస్సీ, గ్రూప్స్, కానిస్టేబుల్ పరీక్షలకి చదివే కుర్రాళ్లు ఉన్నారు కదా. నిజానికి వాళ్లు రాకపోతే ఈపాటికి సగం రీడింగ్ రూములకి తాళం పడేది. వాళ్ల టెన్షన్ వాళ్లది, కథల పుస్తకం తీసే తీరిక లేదు, కాదనను. కానీ ఏ మెటీరియల్ పాతదైపోయింది, ఏది పనికొస్తుంది, గణితం రానివాడు ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది కోచింగ్ సెంటర్ల కన్నా వాళ్లకే బాగా తెలుసు, ఆ మాటలు ఒక బోర్డు మీదకెక్కినా వేలు పోసి విశాఖ వెళ్లలేని పిల్లలకి మేలే.

ఇక కార్యక్రమాల సంగతి. వేసవి సెలవుల్లో శిబిరాలు పెడుతున్నారు, సంతోషం, కానీ ఎక్కడ చూసినా అవే డ్రాయింగు, అవే క్యారమ్స్. ఊరి అవసరం ఏంటో ఆ ఊరి గ్రంథాలయానికి తెలియాలి. కిడ్నీ జబ్బులతో అల్లాడే మా ఉద్దానంలో, రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అన్న మాట అక్షరం ముక్క రాని ముసలమ్మకి కూడా తెలుసు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో మొదలైంది. అక్కడి డాక్టరు గారిని నెలకో సాయంత్రం చుట్టుపక్కల గ్రంథాలయానికి పిలిచి, రిపోర్టులో ఏ అంకె ఏం చెబుతుందో, నొప్పి మాత్రలు ఇష్టమొచ్చినట్టు ఎందుకు మింగకూడదో చెప్పిస్తే జనం నిలబడి మరీ వింటారు. తీరం ఊళ్లలో మగవాళ్లు వేటకి గుజరాత్ వెరావల్ దాకా పోతారు, ఇక్కడ ఇంట్లో మిగిలిన ఆడవాళ్లకి బ్యాంకు కాగితం, బీమా కాగితం చదివి చెప్పే ఒక పూట పెట్టొచ్చు. సీతంపేట వైపు సవర గిరిజన పెద్దలు తమ కథలు పిల్లలకి సవరలోనే చెప్తే, దాన్ని ఫోన్‌లో రికార్డు చేసి దాచితే, సవరకి నిఘంటువు కట్టిన గిడుగు రామమూర్తి గారి గడ్డకి అది శోభే. ఆగస్టు 29న ఆయన పేరు చెప్పి శాలువాలు కప్పుకోవడం ఎలాగూ ఉంది!

అన్నట్టు మన శ్రీకాకుళంలోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు మాస్టారు తనకొచ్చిన అవార్డు డబ్బు పెట్టి 1997లో తెరిచారు, తెలుగు కథ కోసమే ప్రత్యేకంగా కట్టిన గ్రంథాలయం. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడి నుంచో వస్తారు, జిల్లాలో పుట్టి పెరిగిన పిల్లల్లో ఎంతమంది ఆ మెట్లెక్కారో మరి. శాఖా గ్రంథాలయాల నుంచి ఏడాదికోసారి పిల్లల్ని బస్సులో తీసుకెళ్లి చూపించడం అంత కష్టమా? అక్కడి కథలు ఇంటర్నెట్‌లో కూడా దొరుకుతున్నాయి కాబట్టి వారానికొకటి ప్రింటు తీసి గోడకి అంటించినా చాలు, నిలబడి చదివేసి పోతారు.

ఒక్క మాట ఆడవాళ్ల గురించి. మా దగ్గర వేళలు ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. సరిగ్గా పొయ్యి దగ్గర ఉండే వేళలు. మధ్యాహ్నం రెండింటికి కాస్త ఊపిరి పీల్చుకునేసరికి గేటుకి తాళం. పైగా మాకు వేరే బాత్రూమ్ లేదు. రీడింగ్ రూములో ఆడమనిషి కనపడదేం అని ఆశ్చర్యపోయే పెద్దలు ఈ రెండూ ముందు చూడాలి.

డబ్బుల్లేవంటారు. ఇంటిపన్ను రశీదు తీసి చూడండి, గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది. రూపాయి పన్నుకి 8 పైసలు, అంటే వెయ్యి రూపాయల పన్ను కట్టే ఇల్లు 80 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నట్టే. పంచాయతీ అయినా మున్సిపాలిటీ అయినా అది వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. మేం మాత్రం కడుతూనే ఉన్నాం. మా ఊరి నుంచి ఎంత వసూలైంది, ఎంత జమైంది, అందులోంచి ఏ పుస్తకాలు కొన్నారు అన్నది గ్రంథాలయం నోటీసు బోర్డు మీద రాస్తే ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. కొనే ముందు మమ్మల్ని ఒక మాట అడిగితే ఇంకా బాగుంటుంది. పాఠకుల సూచనల రిజిస్టర్ అని ఒకటి తాడు కట్టి వేలాడుతోంది గానీ పక్కన పెన్ను లేదు.

మీకూ ఒక మనవి. ఆదివారం జిల్లా పేజీలో సినిమా హాళ్ల ఆటల కింద నాలుగు లైన్ల జాగా ఇవ్వండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ గ్రంథాలయంలో ఆ వారం ఏం జరుగుతోంది, ఏ కొత్త పుస్తకాలు వచ్చాయి అన్నది వేయండి. మొదట్లో వేయడానికేం ఉండకపోవచ్చు. ఖాళీగానే వేయండి, ఊరి పేరు రాసి పక్కన గీత పెట్టండి. రెండు మూడు వారాలు అలా వస్తే ఎవరో ఒకరు మీకు ఫోన్ చేస్తారు.

ఇట్లు,
ఓ పాఠకురాలు,
శ్రీకాకుళం జిల్లా