మా నాన్నగారి కంపెనీ ఫోటో దొరికింది: సాయం చేసిన మీ అందరికీ

పోయిన నెల, మా నాన్నగారు సైన్యంలో ఉన్నప్పుడు తన కంపెనీ వాళ్లందరితో దిగిన, పాడైపోయిన ఒక ఫోటో ఇక్కడ పెట్టి, "ఇది ఎవరి ఇంట్లోనైనా ఉందా?" అని అడిగాను. ఉంది. పాలక్కాడులో ఒక సుబేదారు గారి ఇంట్లో, గోడకు వేలాడుతూ ఉంది. ఇప్పుడు దాని ప్రతి పర్లాకిమిడిలో మా ఇంటి గోడ మీద కూడా ఉంది. ఆ గోడ నుంచి ఈ గోడకు అది చేరడానికి ఎంతమంది చెయ్యి వేశారో తలచుకుంటే కళ్లు చెమరుస్తున్నాయి. అందరికీ ఫోను చేసి చెప్పాను. అయినా పదిమందిలో చెప్పకపోతే నా మనసు ఒప్పుకోవడం లేదు.

నాన్నగారికి ఇప్పుడు 76 ఏళ్లు. 1968లో పద్దెనిమిదేళ్ల వయసులో మా ఊరి చిన్న రైలెక్కి నౌపడా వెళ్లి, అక్కడ పెద్ద రైలు మారి, చివరికి బెంగళూరు చేరి మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో సిపాయిగా చేరారు. మద్రాస్ సాపర్స్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది. సైన్యానికి దారులు, వంతెనలు వేసే, మందుపాతరలు తీసే ఇంజనీరు సైనికులను సాపర్లు అంటారు. 1780లో పుట్టిన దళం అది. అందులో పనిచేసినవాళ్లను సైన్యమంతా 'తంబి' అనే పిలుస్తుంది. తమిళులనే కాదు, తెలుగువాళ్లనూ, మలయాళీలనూ, కన్నడిగులనూ అంతే. ఆంధ్రా, ఒడిశా సరిహద్దులోని మా ఊళ్లలో కాగితాలు ఒడియాలో ఉంటాయి, ఇంట్లో మాటలు తెలుగులో ఉంటాయి. మీదే రాష్ట్రం అని ఎవరైనా అడిగితే మాలో చాలామందిమి ఒక్క క్షణం ఆగి జవాబు చెబుతాం. నాన్నగారు ఆగరు. "తొమ్మిదో ఇంజనీర్ రెజిమెంటు" అంటారు.

1971 డిసెంబరులో, పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడు, ఆయన పడమటి సరిహద్దులోని షకర్‌గఢ్ సెక్టారులో ఉన్నారు. బసంతర్ యుద్ధం అనగానే అందరికీ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్, ఆయన రెజిమెంటు పూనా హార్స్ ట్యాంకులు గుర్తొస్తాయి. రావాలి కూడా. ఇరవై ఒకటో ఏట ట్యాంకులోనే ప్రాణం విడిచిన ఆయనకు పరమవీర చక్ర ఇచ్చి దేశం నమస్కరించింది. అయితే ఆ ట్యాంకులు ముందుకు కదలాలంటే వాటి ముందున్న నేలలోని మందుపాతరలు ఎవరో తీయాలి కదా. డిసెంబరు 15 రాత్రి మన పదాతిదళం బసంతర్ నది అవతల పట్టు సంపాదించింది. సాపర్లు మందుపాతరలు సగం తీశారో లేదో, శత్రువు ట్యాంకులు కూడుతున్నాయని అవతలి నుంచి కబురు వచ్చింది. ఇక ఆగే వీలు లేక పూనా హార్స్ ట్యాంకులు సగమే శుభ్రమైన ఆ దారిలోనే ముందుకు దూకాయి. నాన్నగారి రెజిమెంటుకే చెందిన మేజర్ విజయ్ రతన్ చౌదరి ఆ యుద్ధంలో మందుపాతరలు తీసే పనిలోనే ప్రాణాలిచ్చారు. మరణానంతరం ఆయనకు మహావీర చక్ర వచ్చింది. ఆ పేరు చెప్పేటప్పుడు నాన్నగారు ఇప్పటికీ పడుకుని ఉంటే లేచి కూర్చుంటారు.

ఆ పని ఎలా చేస్తారో నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు, మా పెరట్లో చూశాను. బెండ గింజలు వేసేటప్పుడు నాన్నగారు పుల్లను నేలలోకి నిలువుగా గుచ్చరు. ఏటవాలుగా పెట్టి, రెండు వేళ్లతో పట్టుకుని, ఊపిరి బిగబట్టినట్టు మెల్లగా దించుతారు. చిన్నప్పుడు ఎందుకలా అని అడిగితే, "నిలువుగా గుచ్చితే పాతర నెత్తిన నొక్కినట్టే అమ్మా. పక్క నుంచి వెళితే తగిలింది రాయో ఇనుమో చేతికే తెలుస్తుంది" అన్నారు. డిసెంబరు చలిలో, చీకట్లో, బోర్లా పడుకుని, పైన గుండ్లు పడుతుండగా ఆ వేళ్లతోనే అడుగు అడుగు వెతికారు. వెతికిన మేర తెల్ల పట్టీ పరిచారు. ఆ పట్టీల మధ్య నుంచే బండ్లు వెళ్లాయి. ఇంత చేసి ఆయన ఏనాడూ 'నేను తీశాను' అనలేదు. 'మా కంపెనీ తీసింది' అనే అంటారు.

ఫోటో సంగతికి వస్తాను. అది 1971 వేసవిలో, యుద్ధానికి కొన్ని నెలల ముందు కంపెనీ మొత్తాన్ని కూర్చోబెట్టి, నిలబెట్టి తీసిన ఫోటో. అందులో ఉన్నవాళ్లలో కొందరు యుద్ధం నుంచి తిరిగి రాలేదు. అందుకే మా ఇంట్లో దానికి దేవుడి పటాల పక్కన చోటు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి పెంకులు లేచిపోయాయి. ఫోటో నీళ్లలో నాని అద్దానికి అతుక్కుపోయింది. ట్రంకుపెట్టెలో ఉన్న డిశ్చార్జి పుస్తకం ముద్ద అయింది. ఆ యుద్ధానికి ఇచ్చిన పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్ ఉన్న డబ్బా ఎటు కొట్టుకుపోయిందో తెలియలేదు. నాన్నగారు ఆ రోజు మెడల్స్ కోసం వెతకలేదు. అద్దం పట్టుకుని కూర్చున్నారు. ముఖాలు చెరిగిపోయినా ఎవరు ఎక్కడ ఉన్నారో వేలు పెట్టి వరుసగా చెప్పగలిగేవారు.

ఈ ఏడాది ఆయన కాలు జారి పడ్డారు. తుంటి ఆపరేషను తర్వాత మాట తడబడుతోంది, మనవల పేర్లు కలిసిపోతున్నాయి. ఒక సాయంత్రం అద్దం మీద వేలు పెట్టి, ఆగిపోయి, "ఇక్కడ ఎవరు?" అని నన్ను అడిగారు. నాకు తెలియదు. నాన్నగారు నన్ను అడగాల్సి వచ్చిన మొదటి పేరు అది. ఆ రాత్రే నేను ఆ ఫోటో పెట్టి మిమ్మల్ని అడిగాను.

మొదట ఫోను చేసినవారు ఇచ్ఛాపురం హవల్దారు గారు. ఆయనది నాన్నగారి రెజిమెంటు కాదు, కానీ ఆయనా మద్రాస్ సాపరే. నా పేరు కూడా అడగలేదు. "ఏ కంపెనీ? ఏ సంవత్సరం?" ఈ రెండే ప్రశ్నలు. వారం రోజులు తనకు తెలిసిన ప్రతి పాత తంబికీ ఫోను చేశారు. తమిళనాడులో ఒకరు ఇంకొకరి నంబరు ఇచ్చారు, ఆయన పాలక్కాడు నంబరు ఇచ్చారు. హవల్దారు గారూ, ఆ వారంలో మీ ఇంట్లో పెళ్లి పనులు ఉన్నాయని నాకు తర్వాత తెలిసింది. మీరు ఒక్క మాటైనా చెప్పలేదు.

పాలక్కాడు సుబేదారు గారికి నా కృతజ్ఞత ఏ భాషలో చెప్పాలో తెలియడం లేదు. ఫోటోను కొరియరులో పంపడానికి ఆయన ఒప్పుకోలేదు. "దాన్ని నా చేతుల్లోంచి వదలను" అన్నారట. ఎనభై దాటిన మనిషి ఫోటోను పంచెలో చుట్టి, మనవరాలిని తోడు తీసుకుని, ఆటోలో స్టూడియోకు వెళ్లి, పక్కనే నిలబడి స్కాను చేయించారు. ఆ అమ్మాయి ఇంటికి వచ్చాక ప్రతి ముఖం కింద నంబరు వేసి, తాతగారు చెప్పిన పేర్లన్నీ రాసి పంపింది. తల్లీ, నువ్వు పంపిన ఆ కాగితం ఫోటో వెనక అంటించాం.

మా ఊరి స్టూడియో ఆయన దాన్ని పెద్దగా ముద్రించి, ఫ్రేము కట్టి, డబ్బు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. మా వీధిలో కొమ్ముతో బొమ్మలు చేసే పెద్దాయన చిన్న కొమ్ము పలక మీద 'సర్వత్ర' అని చెక్కి ఫ్రేము అడుగున బిగించారు. అది సాపర్ల ధ్యేయవాక్యం, అన్నిచోట్లా అని అర్థం. నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న పది రోజులూ పక్కింటి ఒడియా మాస్టారు గారు రాత్రిపూట కాపలా ఉండి, మమ్మల్ని పడుకోమన్నారు.

మెడల్స్ సంగతి కూడా చెబుతాను. నకలు మెడల్స్ కోసం పెట్టిన అర్జీని ఒక కార్యాలయంలో డిశ్చార్జి పుస్తకం లేదంటూ మూడుసార్లు తిప్పి పంపారు. శ్రీకాకుళంలో ఉంటున్న విశ్రాంత క్లర్కు గారు, ఆయనా పాత సైనికుడే, సర్వీసు నంబరు ఉంటే చాలు, రికార్డుల ఆఫీసుకే నేరుగా రాద్దాం అన్నారు. నంబరు ఎక్కడుందా అని నేను కాగితాలు వెతుకుతుంటే మంచం మీద నుంచి నాన్నగారు గడగడా చెప్పేశారు. నా ఫోను నంబరు మరిచిపోయిన మనిషి, ఒక్క అంకె తప్పలేదు. అర్జీ వెళ్లింది, మెడల్స్ ఇంకా రాలేదు. క్లర్కు గారూ, అవి వచ్చినా రాకపోయినా మీ మేలు మరవను.

ఫోటో వచ్చిన రోజు సుబేదారు గారికి వీడియో కాల్ చేశాం. తెరమీద ఆ ముఖం కనిపించగానే నాన్నగారు దిండు ఆనుకుని వెన్ను నిటారుగా పెట్టి, "రామ్ రామ్ సాబ్" అన్నారు. అవతల నుంచి "ఎప్పడి ఇరుక్కే తంబీ" (ఎలా ఉన్నావు తమ్ముడూ) అని వినిపించింది. తర్వాత ఇద్దరూ హిందీ, తమిళం కలిపి ఏ ఊరిదీ కాని ఒక భాష మాట్లాడుకున్నారు. నలభై నిమిషాలు. ఆ రోజు నన్ను అడిగిన పేరును సుబేదారు గారు చెప్పారు. నాన్నగారు ఆ పేరును రెండుసార్లు పలికి, కొంతసేపు ఏమీ మాట్లాడలేదు. అతను బసంతర్ నుంచి తిరిగి రాలేదని అప్పుడే నాకు తెలిసింది.

ఫోటోను దేవుడి పటాల పక్క నుంచి మార్చాం. మంచానికి ఎదురుగా, పడుకున్నా కనిపించే ఎత్తులో కొట్టాం. మీలో ఎవరైనా పర్లాకిమిడి వైపు వస్తే తప్పకుండా మా ఇంటికి రండి, భోజనం చేసి వెళ్లండి. మూడో వరుసలో ఎడమ నుంచి ఆరో ఆయన మా నాన్నగారు. కానీ ఆయన మొదటి వరుస మొదటి మనిషి దగ్గర మొదలుపెడతారు. కాస్త తీరిక చేసుకుని రండి.