యంగ్స్‌టౌన్ కొలిమి ఆరింది వీసాల వల్ల కాదు

సంపాదకుడికి,

అమెరికా గురించి మన పత్రికల్లో వచ్చేవి పదింట తొమ్మిది వీసా వార్తలే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టినప్పుడైతే మా కాలనీలో వారం రోజులు వేరే మాట లేదు. మనవాళ్లంటే అమెరికావాళ్లకెందుకంత కడుపుమంట అని ఒకరు, పని చేతగాక ఏడుస్తున్నారని ఇంకొకరు. ఆ రెండో మాట విన్నాక ఊరుకోబుద్ధి కాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను విశాఖ ఉక్కులో, స్టీల్ మెల్ట్ షాపులో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి ఒహాయో రాష్ట్రంలో, క్లీవ్‌లాండ్ పక్కన ఉంటాడు. అమ్మానాన్నలు వస్తే నయాగరా చూపించడం అక్కడి మనవాళ్ల ఆనవాయితీ. అది అయ్యాక ఒకప్పటి ఉక్కు ఊరు యంగ్స్‌టౌన్ తీసుకెళ్లమన్నాను. "అక్కడేముంది నాన్నా, సగం ఖాళీ ఊరు" అన్నాడు. ఆ ఖాళీయే చూద్దాం పదమన్నాను. గంటంబావు ప్రయాణం.

ఒకప్పుడు మహోనింగ్ నది వెంబడి మైళ్ల కొద్దీ ఉక్కు మిల్లులే. 1930లో ఆ ఊరి జనాభా 1,70,000. 2020 జనగణనలో 60,000. కార్మికుల చరిత్రకు ఒక మ్యూజియం మాత్రం మిగిలింది. 1977 సెప్టెంబరు 19, సోమవారం నాడు యంగ్స్‌టౌన్ షీట్ అండ్ ట్యూబ్ కంపెనీ తన క్యాంప్‌బెల్ వర్క్స్‌ను మూసేస్తున్నానంది. ఒక్క ప్రకటనతో 5,000 మంది దాకా రోడ్డున పడ్డారు. ఊళ్లో దాన్ని ఇప్పటికీ 'బ్లాక్ మండే' అనే అంటారు. కొన్నేళ్లలోనే మిగతా పెద్ద మిల్లులూ అదే దారి పట్టాయి. ఒక ప్లాంటు మీద ఎన్ని పొయ్యిలు వెలుగుతాయో తెలియాలంటే మా ప్లాంటు పక్కనున్న గాజువాకలో టీ కొట్టు నడిపేవాణ్ణి అడగండి, చెబుతాడు.

ఎందుకు మూతపడింది? 1969లో ఆ కంపెనీని న్యూ ఆర్లియన్స్‌కు చెందిన లైక్స్ అనే ఓడల వ్యాపార సంస్థ కొన్నది. ఉక్కు సంగతి తెలిసినవాళ్లు కారు. గేదెకు మేత మానేసి పాలు మాత్రం పిండుకున్నారు. జపాన్‌వాళ్లు ఆక్సిజన్ ఊది త్వరగా ఉక్కు తీసే కన్వర్టర్లు పెట్టుకుంటుంటే ఇక్కడ పాత ఓపెన్ హార్త్ కొలుములతోనే నెట్టుకొచ్చారు. ఓపెన్ హార్త్‌లో ఒక హీటు, అంటే ఒక విడత ఉక్కు, దిగడానికి ఒక షిఫ్టు మొత్తం పడుతుంది. మా కన్వర్టర్‌లో ముప్పావుగంట. ఇంత తేడా ఉన్నచోట పనివాడు ఎంత ఒళ్లు వంచితే మాత్రం ఏం ప్రయోజనం? చర్చిలూ కార్మికులూ కలిసి మిల్లును మేమే కొని నడుపుకుంటాం, అప్పుకు హామీ ఇవ్వండని ప్రభుత్వాన్ని అడిగారు. 1979లో అధ్యక్షుడు కార్టర్ ప్రభుత్వం కుదరదంది.

ఉద్యోగాలు పోవడానికి వీసాలే కారణమనేవాళ్లు ఇప్పుడు తేదీలు చూడండి. మిల్లు మూతపడింది 1977లో. హెచ్-1బి వీసా పుట్టిందే 1990 చట్టంతో. అమెరికా, కెనడా, మెక్సికోల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం నాఫ్టా అమల్లోకి వచ్చింది 1994లో, చైనా ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరింది 2001లో. చైనా దెబ్బ చిన్నదని కాదు. 2000 తర్వాత పదేళ్లలో అమెరికా ఫ్యాక్టరీల్లో 50 లక్షలకు పైగా ఉద్యోగాలు పోయాయి. కానీ గండి అంతకు చాలా ముందే పడింది.

హైస్కూలు చదివి మిల్లులో చేరినవాడు ఇల్లు కొని, కారు కొని, పిల్లల్ని కాలేజీకి పంపగలిగాడంటే అది వాడి జాతకం కాదు, యూనియన్ బేరమాడి తెచ్చిన జీతం. 1981లో సమ్మె చేసిన 11,000 మందికి పైగా ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లను అధ్యక్షుడు రీగన్ ఒక్కసారే ఇంటికి పంపాడు. దాంతో యజమానులకు కొండంత ధైర్యం వచ్చింది. 1983లో ఉద్యోగుల్లో 20 శాతం మంది యూనియన్లలో ఉండేవాళ్లు, ఇప్పుడు పది శాతమే. దేశమంతటికీ కేంద్రం పెట్టిన ఫెడరల్ కనీస వేతనం 2009 జులై నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. చాలా రాష్ట్రాలు సొంతంగా పెంచుకున్నాయి కానీ ఇరవై దాకా రాష్ట్రాల్లో ఇంకా అదే రేటు.

ప్యూ అనే అమెరికా పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 1971లో అమెరికన్ పెద్దల్లో 61 శాతం మంది మధ్య ఆదాయ కుటుంబాల్లో ఉంటే, 2021కి 50 శాతమే. నిజం చెప్పాలంటే తగ్గిన ఆ పదకొండు శాతంలో ఏడు పై తరగతి వైపు, నాలుగు కింది వైపు చేరాయి. దీన్ని చూపించి అంతా మంచికేనని వాదించేవాళ్లున్నారు. యంగ్స్‌టౌన్‌లో నిలబడి అనమనండి ఆ మాట! దేశం మొత్తం కుటుంబ ఆదాయంలో మధ్యతరగతి వాటా 1970లో 62 శాతం, 2020లో 42. పై మెట్టు మీద మనవాళ్లు చాలామందే ఉన్నారు. భారతీయ కుటుంబాల మధ్యస్థ ఆదాయం అక్కడి దేశ మధ్యస్థానికి దాదాపు రెట్టింపు. కళ్లలో పడకుండా ఎలా ఉంటాం?

మా అబ్బాయి వీధిలో ఒకాయనకు డెబ్భై దాటాయి. సూపర్‌మార్కెట్‌లో బిల్లు కౌంటర్ దగ్గర రోజంతా నిలబడతాడు. మోకాళ్ల నొప్పి. నన్ను చూసి మీరు రిటైరయ్యారా, అదృష్టవంతులు అన్నాడు. ఆయన్ని పని చేతగానివాడని ఎలా అంటాం? అలాగని మనవైపు తప్పే లేదనీ అనను. జీతం తక్కువని వీసా మీద మనిషిని తెచ్చి, పోబోయే ఉద్యోగి చేతే వాడికి పని నేర్పించిన సంగతులు అక్కడి పత్రికల్లో వచ్చాయి. అవి మన పత్రికల్లో పెద్దగా కనబడవు.

అందుకే మీకో మనవి. ఈసారి వీసా వార్త వేసేటప్పుడు పక్కన చిన్న బాక్సు కట్టి, ఆ ఏడుంబావు డాలర్ల కనీస వేతనం సంగతి కూడా వేయండి.

– ఒక విశ్రాంత ఉక్కు ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం