సంగీతం మాస్టారి డిప్లొమా గురించి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

వార్షికోత్సవం అయిన దగ్గర్నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: "డిప్లొమా కూడా లేనాయన చేత సంగీతం చెప్పిస్తారా?" ఆఫీసుకొచ్చి నన్నే అడగొచ్చు కదండీ.

నిజమే, మాస్టారికి డిప్లొమా లేదు. తెనాలి దగ్గర పల్లెలో, తెల్లారి ఆకాశవాణి విజయవాడ కేంద్రం భక్తిరంజని విని, విన్నది గేదెలు కాస్తూ పాడుకున్న మనిషి. పద్య నాటకాల వాళ్ల వెంట తిరిగి, వాళ్లు నిద్రపోయాక హార్మోనియం మీద వేళ్లు పెట్టి నేర్చుకున్నారు. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు మాత్రం చిన్నప్పుడు గురువు దగ్గర కూర్చుని శాస్త్రీయ సంగీతం నేర్చుకున్నారా? అయినా శంకరాభరణంలో ఆయన పాడినదానికి జాతీయ అవార్డు వచ్చింది. మన ఊళ్లో ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. బాలమురళీకృష్ణ గారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన చోటు. అక్కడ చదివితే మంచిదే, ఎవరొద్దన్నారు? పోయినేడు మన పదో తరగతి అమ్మాయి అక్కడ చేరింది. ఆమెకు సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరసలు చెప్పింది ఈ మాస్టారే.

మొన్న ఏడో తరగతి పిల్ల ఒకతి క్లాసు మధ్యలో లేచి, "మాస్టారూ, హార్మోనియంలో మధ్యమం కొంచెం దిగింది" అంది. అంటే 'మ' స్వరం శ్రుతి తగ్గిందని. రిపేరు చేసేవాణ్ని పిలిపిస్తే అవునన్నాడు! నాకైతే ఏమీ తెలియలేదు. ఆ పిల్ల పేరు రాయను గానీ, స్టాఫ్ రూమ్‌లో రెండు రోజులు ఇదే ముచ్చట. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని అబ్బాయి ఇప్పుడు చిన్న తరగతులకి తాళం వేసి చూపిస్తున్నాడు.

ఇక ఇంటి సంగతి. రాత్రి పదకొండు దాకా పిల్లల చేతిలో ఫోన్ ఉంటే పొద్దున గొంతే కాదు, కళ్లు కూడా తెరుచుకోవు. అన్నం తినేటప్పుడు రీల్స్ పెట్టి ఇవ్వడం మీకు సుఖంగానే ఉంటుంది, కాదనను. మొదటి పీరియడ్‌లో ఆవులింతలు లెక్కపెట్టుకునేది మేము. దయచేసి గమనించగలరు.

ఫీజు గడువు నెలాఖరు. ప్రోగ్రెస్ కార్డుల మీద సంతకం చేసి పంపండి. బస్సు వేళలు మారలేదు.

శనివారం సాయంత్రం నాలుగింటికి మాస్టారు పిల్లలతో కలిసి హాల్లో పాడతారు. డిప్లొమా అడిగినవారు ముందు వరసలో కూర్చోవచ్చు. ఫోన్లు సైలెంట్‌లో పెట్టుకుని రండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు
విజయవాడ