పగలు చూసి నాటకు

శాంటా ఫే,
ఏప్రిల్ 20

అమ్మలూ,

ఎండ బాగా కాస్తోంది కదా, మీరు ఊరెళ్ళేలోపే టమాటా నారు బయట పెట్టేద్దామా అని అడిగావు. వద్దు. మే 15 దాటేదాకా కుండీలన్నీ కిటికీ దగ్గరే ఉండనీ. ఆ తర్వాత కూడా ఆ వారం రాత్రిళ్ళు ఎంత చలి ఉంటుందో చూసుకునే నాటు. మేం ఇండియాలో అమ్మమ్మ మోకాలి ఆపరేషన్ టెన్షన్లో ఉన్నప్పుడు నువ్వు ఇక్కణ్ణుంచి ఫోన్ చేసి "అమ్మా, ఆకులు పండిపోతున్నాయి" అంటే నాకేం తోచదు. అందుకే అన్నీ రాసిపెడుతున్నాను. ఫ్రిజ్ మీద అంటించుకో.

డెన్వర్‌లో ఉండి వస్తున్నావు కాబట్టి ఎత్తూ పొడిగాలీ నీకు కొత్త కాదు. అయితే అది 5,280 అడుగులు, మనం దాదాపు 7,000 అడుగుల మీద ఉన్నాం. గాలిలో తేమ ఉండదు, రాత్రిళ్ళు మబ్బూ ఉండదు. పగలు నేల పట్టిన వేడంతా పొద్దుగూకగానే ఆకాశంలోకి పోతుంది. మధ్యాహ్నం 70 డిగ్రీలు (అన్నీ ఫారెన్‌హీట్ లెక్కే) ఉండి తెల్లారేసరికి 35కి దిగినా ఇక్కడ ఎవరూ ఆశ్చర్యపోరు. తెనాలిలో మనకి రాత్రి సంగతి పట్టించుకునే అవసరమే రాలేదు. ఇక్కడ మాత్రం పగటి ఎండని నమ్మి ఏ పనీ చెయ్యకూడదు, అంతా రాత్రి లెక్కే. చలికి మొక్క చావకపోయినా, రాత్రి 55 కన్నా తగ్గుతుంటే టమాటా పూత నిలవదు, కాయ పట్టదు. మళ్ళీ అక్టోబరు మొదట్లోనే మంచు పట్టేస్తుంది. మధ్యలో మనకి దక్కేది నాలుగున్నర నెలలు. అందుకే పెద్ద కాయల రకాల జోలికి పోకుండా తొందరగా కాసే ఎర్లీ గర్ల్, చిన్న కాయల సన్‌గోల్డ్ పోశాను.

నాటే ముందు నారుని ఎండకి అలవాటు చెయ్యాలి. ఈ ఎత్తులో ఎండ సూదుల్లా దిగుతుంది. ఇంట్లో పెరిగిన మొక్కని తెచ్చి ఒకేసారి బయట పెడితే సాయంత్రానికి ఆకులు తెల్లగా పాలిపోయి కాగితంలా పెళుసెక్కుతాయి. మొదటిరోజు నీడలో ఓ గంట, మర్నాడు ఇంకాస్త, అలా ఒక వారం. గాలి ఎక్కువున్న రోజు లోపలికి తెచ్చెయ్. మే నెలంతా గాలి దుమ్ము రేపుతూనే ఉంటుంది.

దక్షిణం గోడ పక్కన ఆకుపచ్చ ప్లాస్టిక్ తొడుగులు రెండు కనిపిస్తాయి. వాటి లోపల ఉన్నవి ముందుగా నాటిన టమాటాలే. తొడుగంతా నిలువు గొట్టాలు, గొట్టాల నిండా నీళ్ళు. పగలు ఆ నీళ్ళు వేడెక్కి రాత్రి ఆ వేడిని మొక్కకి ఇస్తాయి. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు కూడా వేడి బయటికి వస్తుందట. అదెలాగని నాన్నని మాత్రం అడక్కు, గంట పడుతుంది. గొట్టాల్లో నీళ్ళు తగ్గితే తొడుగు మొక్క మీద కూలబడుతుంది, వారానికోసారి నింపు. మొక్క పైకి తొంగిచూశాక, రాత్రిళ్ళు 50 దాటాక, తీసెయ్.

ఇక పాదుల సంగతి. నీ ఫ్రెండ్ చెప్పినట్టు చెక్కపెట్టెలు కొని మట్టి ఎత్తుగా పోయకు. అవి వానలు ఎక్కువ పడే ఊళ్ళకి. మనకి ఏడాది మొత్తం మీద 14 అంగుళాలే, ఎత్తులో ఉన్న మట్టిని ఈ గాలి ఒక్కపూటలో ఎండగట్టేస్తుంది. ఇక్కడ నేల కిందికి తవ్వాలి. ఈ న్యూ మెక్సికో రాష్ట్రం పడమటి వైపున ఉండే జునీ తెగవాళ్ళు ఎప్పటినుంచో ఇలాగే పండిస్తున్నారు. జానెడు ఎత్తు మట్టిగట్లు పోసి, చదరపు గళ్ళు గళ్ళుగా చేసి, ఒక్కో గడిలో కొన్ని గింజలు వేస్తారు. పోసిన నీళ్ళు ఆ గడి దాటి పోవు, గట్టు గాలిని అడ్డుకుంటుంది, కింద వేర్లు చల్లగా ఉంటాయి. పెరట్లో నేను చేసినవి అవే. సొరపాదుకీ దోసపాదుకీ మీ అమ్మమ్మ చేసేదీ దాదాపు ఇదే కదా. గట్టు ఎక్కడైనా తెగితే తడిమట్టితో మెత్తి, పైన గడ్డి మందంగా పరుచు. కొత్త పాదు తవ్వాలనిపిస్తే ముందు గునపం వేసి చూడు. అడుగు లోపల తెల్లటి సున్నపురాయి పొర ఖంగుమంటే అక్కడ వదిలేసి ఇంకో చోట చూసుకో. దాన్ని పగలగొట్టే ఓపిక నీకు లేదు, నాకూ లేదు.

నీళ్ళు డ్రిప్‌తో తెల్లారి 5 గంటలకి పడేలా టైమర్ పెట్టాను, మార్చకు. మే నుంచి అక్టోబరు దాకా పొద్దున 10 నుంచి సాయంత్రం 6 వరకు నీళ్ళు పెట్టకూడదని ఊరి రూలు కూడా ఉంది. పైన మట్టి ఎండినట్టు కనిపించగానే కంగారుపడి రోజూ చిలకరించకు. వేలు రెండు కణుపులు దిగేలా గుచ్చి చూడు, లోపల తడి తగిలితే చాలు.

పొయ్యిలో కాల్చిన పిన్యోన్ (ఇక్కడి పైన్ చెట్టు) కట్టెల బూడిద బకెట్ నిండా ఉంది. అది తోటలో వెయ్యకు. మనవైపు కూర మొక్కల మీద బూడిద చల్లడం మామూలే, అక్కడ చెల్లుతుంది. ఇక్కడి మట్టికి ముందే క్షారం ఎక్కువ, బూడిద ఇంకా పెంచుతుంది. అప్పుడు మట్టిలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. కరివేపాకు కుండీలో చూస్తావుగా, లేత ఆకు పసుపురంగుకి తిరిగి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా ఉంటాయి, అదే ఆ జబ్బు. అందరూ పుల్ల మజ్జిగ పొయ్యమంటారు. క్షారం నిండిన ఈ కుళాయి నీళ్ళ ముందు మజ్జిగ ఏపాటి! షెల్ఫులో ఐరన్ చీలేట్ పొడి ఉంది. కొనేటప్పుడు ప్యాకెట్ మీద ఈడీడీహెచ్‌ఏ అని ఉన్నదే తీసుకోవాలి, మామూలుగా దొరికే మిగతా రకాలు ఇలాంటి మట్టిలో అంతగా పని చెయ్యవు. నెలకోసారి కలిపి పొయ్యి. కుండీని రాత్రిళ్ళు 50 దాటాకే బయటికి తియ్యి. దాన్ని చంపుకున్నావంటే ఇండియా నుంచి తెస్తానని మాత్రం అనుకోకు. కరివేపాకు రెమ్మ కూడా ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, నిమ్మజాతి చెట్లకి తెగులు తెచ్చే పురుగు దాని మీద వస్తుందని.

ఆకుకూరల్లో మెంతి, కొత్తిమీర, పాలకూర ఇప్పుడే చల్లాను. చిన్న మంచుకి అవి చలించవు. జూన్ ఎండ రాగానే కొత్తిమీర పూతకి పోతుంది, ఈలోపే కోసుకు తిను. జూన్ మొదటివారంలో తోటకూర, గోంగూర చల్లు. తోటకూరకి ఈ ఎండంటే ప్రాణం. గోంగూర ఆకు దక్కుతుంది, మొగ్గ తొడిగేలోపే మంచు వస్తుంది కనక పచ్చడికి సరిపెట్టుకోవాలి. చిక్కుడు వెయ్యకు. పగళ్ళు తగ్గితేగాని అది పూత వెయ్యదు, పూత వేసేసరికి ఇక్కడ చలికాలం. ఇక పాదుల్లో తనంతట తనే పావిలికూర మొలుస్తుంది, కలుపనుకుని పీకి పారెయ్యకు, పప్పులో వేసుకో. రైల్‌యార్డ్ దగ్గర రైతుల సంతలో దాన్ని కట్టలు కట్టి అమ్ముతారు. పప్పుకి కుక్కర్ వాడు. ఇక్కడ నీళ్ళు 199 డిగ్రీలకే మరిగిపోతాయి, గిన్నెలో కంది పప్పు మధ్యాహ్నానికి కూడా ఉడకదు.

మిరప రెండు వరసలు. ఒకటి చిమయో ఊరి రకం, సన్నగా వంకరగా ఉంటుంది. ఇంకోటి పొడుగ్గా కాసే మామూలు న్యూ మెక్సికో మిరప. నాన్న దాన్ని పట్టుకుని "ఇదీ ఒక కారమేనా" అంటారు. తప్పు మిరపది కాదు. లాస్ క్రూసెస్ కాలేజీలో ఫాబియాన్ గార్సియా అనే ఆయన అందరూ తినగలిగేలా కారం తగ్గించి, కాయలన్నీ ఒకే తీరుగా వచ్చేలా చేసి వందేళ్ళ కిందటే ఆ రకాన్ని మొదట ఇచ్చాడు, ఇప్పటి రకాలు దాని సంతతే. ఆగస్టు చివర్లో మేం వచ్చేసరికి ఎన్ని పచ్చివి ఉంటే అన్నీ సంతలో డ్రమ్ములో వేసి కాల్పించుకుందాం. ఆ కాల్చిన పచ్చిమిరపతో రోటిపచ్చడి చేస్తే నాన్న మళ్ళీ మాట్లాడరు.

జులైలో వానలు మొదలవుతాయి. మధ్యాహ్నం మూడుకి మబ్బు, నాలుగుకి ఉరుము, అరగంటలో అయిపోతుంది. వానకి భయం లేదు గాని వడగళ్ళతో జాగ్రత్త, అయిదు నిమిషాల్లో ఆకులన్నీ చిల్లులు పడతాయి. గ్యారేజీలో నీడగుడ్డ ఉంది, వంపు పైపుల మీద జూన్ చివరికే కట్టేసి ఉంచు. చూరు గొట్టాల కింద పీపాలు పెట్టాను, మూతలు తీసి ఉంచకు, దోమలు. కొలరాడోలో లాగా రెండు పీపాలే అన్న లెక్క ఇక్కడ లేదు కాబట్టి ఇంకో రెండు కొన్నా తప్పులేదు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే 600 గ్యాలన్లు దాటుతుంది, మన పీపాలు ఒక్కోటి 55 గ్యాలన్లే.

నేరేడుపండు రంగు పూలకుండీ పక్కన ఉన్న ఆప్రికాట్ చెట్టు మీద ఆశ పెట్టుకోకు. మార్చిలోనే తొందరపడి పూసింది, ఆ తర్వాత ఓ రాత్రి 24కి దిగింది. ఏటా దానిదదే కథ. వెల్లుల్లి మాత్రం గ్యారంటీ. అక్టోబరులో పెట్టిన రెబ్బలు అవి. జులైలో కింది ఆకులు మూడో నాలుగో ఎండగానే నీళ్ళు ఆపి, వారం తర్వాత పలుగుతో లేపు. చేత్తో పీకితే కాడ ఊడొస్తుంది. గ్యారేజీలో నీడకి వేలాడదియ్యి.

ఇంకొకటి. డ్రైవ్‌వే అంచున పల్లేరు పాకుతోంది, మన ఊళ్ళో ఉండే పల్లేరే. పసుపు పూలు కనిపించిన రోజే వేరుతో సహా తవ్వి చెత్తబుట్టలో వెయ్యి, కంపోస్టులో కాదు. నాన్న సైకిల్ ట్యూబులు ఇంక మిగల్లేదు.

ఉంటాను,
అమ్మ