మీరు నాలుగుసార్లు 'పరిష్కరించిన' నా ఫిర్యాదు గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరాన్ని కూడా చదవకుండానే ఇంకో విభాగానికి తోసేస్తారని తెలిసే రాస్తున్నాను. ఆ తోసేసేవారికి ఒక చిన్న మనవి. ముందు చివరిదాకా చదవండి, తర్వాత తోయండి. ఆరు వారాలుగా మీ దగ్గర నేను నోచుకోనిది అదే, చెప్పేది ఎవరైనా పూర్తిగా వినడం.

సంగతి పెద్దదేమీ కాదు. ఒక పాత సైకిల్ ఫ్రేమ్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చక్రాలు లేవు, సీటు లేదు, పెడళ్ళు లేవు, గొలుసు లేదు. ఒట్టి ఫ్రేమ్, ముందు ఫోర్కు, అంతే. ముందు గొట్టం మీద మీ కంపెనీ బిళ్ళ రివెట్లతో బిగించి ఉంది. అది చూసే కొన్నాను. ఎవరో బ్రష్షుతో మందంగా రంగు పూసేశారు కాబట్టి మోడల్ పేరు కనబడదు. ఇది ఏ మోడల్, ఏ సంవత్సరంది, ఏ పార్టులు పడతాయి అని తయారు చేసినవాళ్ళనే అడిగితే సరిపోతుంది కదా అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

మొదటిసారి ఫోన్ ఎత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. "తొక్కేటప్పుడు శబ్దం వస్తోందా సార్?" అని అడిగింది. తొక్కడానికి పెడళ్ళు లేవమ్మా, ఒట్టి ఫ్రేమ్ అన్నాను. "గేర్లు ఎన్ని సార్?" అంది. గేర్లు కూడా లేవు, ఒట్టి ఫ్రేమ్ అన్నాను. "అయితే సింగిల్ స్పీడ్ అని రాసుకుంటున్నాను సార్" అంది. ఎద్దు ఈనిందంటే కొట్టంలో కట్టెయ్యమన్నట్టు. తర్వాత బిల్లు నంబరు అడిగింది. సెకండ్ హ్యాండ్ అనగానే గొంతు మారిపోయింది. "వారంటీ మొదటి ఓనరుకే సార్." నేను వారంటీ అడగలేదు. ఉచితంగా ఒక్క బోల్టు కూడా అడగలేదు. ఫ్రేమ్ మీద నంబరు చెబుతాను, మీ రికార్డుల్లో చూసి చెప్పండి అన్నాను. "లైన్‌లో ఉండండి" అని పాట పెట్టారు. పాట మూడుసార్లు మొదటికొచ్చాక లైన్ కట్టయింది. సాయంత్రం మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?"

రెండోసారి చాట్‌లో అడిగాను. సీరియల్ నంబరు ఫోటో పంపమన్నారు. బాగానే ఉంది, కనీసం నంబరు అన్న మాట వినబడింది అనుకుని ఫ్రేమ్‌ను తిరగేశాను. నంబరు పెడల్ ఇరుసు దూరే గొట్టం అడుగున ఉంది. అక్షరాల గాడుల్లో రంగు నిండిపోయింది. టూత్ బ్రష్షు, కిరసనాయిలు, ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ఫోటోలో మెరుపు తప్ప ఏమీ కనబడటం లేదని పల్చటి కాగితం దాని మీద పరిచి పెన్సిల్‌తో రుద్దాను. మొదట ఒక అక్షరం, తర్వాత ఆరు అంకెలు తేలాయి. ఐదో అంకె ఒక్కటే 3 లాగానూ ఉంది, 8 లాగానూ ఉంది. రెండు రకాలుగానూ చూడమని స్పష్టంగా రాసి ఆ కాగితం ఫోటో పంపాను. జవాబు: "సీటుతో సహా సైకిల్ పూర్తి ఫోటో పంపగలరు." సీటు లేదని నేను అప్పటికి ఎన్నోసారి చెప్పానో మీ దగ్గర రికార్డు ఉంటుంది, లెక్కపెట్టుకోండి. రెండు రోజుల తర్వాత "ఈ నంబరు మా రికార్డుల్లో లేదు" అన్నారు. ఏ నంబరు వెతికారు, 3 తోనా 8 తోనా అని అడిగేలోపు చాట్ మూసేశారు. పరిష్కరించబడింది. స్టార్లు.

ఇక మూడో ఆయన సంగతి. ఈయన్ని మాత్రం మర్చిపోలేను. పెడల్ ఇరుసును ఆ అడుగు గొట్టంలో పట్టి ఉంచే మర కప్పులు ఏవి పడతాయి అంటే, ఈయన ఏమీ అడగలేదు, అన్నీ తెలిసినట్టు చెప్పేశారు. "అన్నిటికీ ఒకటే సార్, 68 మిల్లీమీటర్ల మామూలు థ్రెడ్డు. మా స్టోర్‌లోనే ఉంది, లింకు పంపుతున్నా." కంపెనీ మనిషి చెప్పాడు కదా అని తెప్పించుకున్నాను. కుడివైపు కప్పు ఎడమకు తిప్పి బిగించాలని నాకు తెలుసు, అలాగే తిప్పాను. మర పట్టనే లేదు. అరచేతి నిండా గ్రీజుతో తిప్పుతూనే ఉన్నాను, కప్పు గొట్టంలో లూజుగా ఆడుతోంది, ఊడిన పన్నులాగా. అప్పుడు వెర్నియర్ పెట్టి కొలిచాను. గొట్టం వెడల్పు 68 కాదు, 70. అంటే ఇది ఇటాలియన్ మర. మీరు పంపిన కప్పు వ్యాసం మర దగ్గర సుమారు 34.8 మిల్లీమీటర్లు, దీనికి కావలసింది 36. పైగా దీనికి రెండు వైపులా మర కుడికే తిరుగుతుంది. "ఒకసారి గొట్టం వెడల్పు కొలిచి చెప్పండి సార్" అని ఆయన అడిగి ఉంటే పది సెకన్లలో తేలిపోయేది. స్కేలు చాలు, వెర్నియర్ కూడా అక్కర్లేదు.

ఈ మాట చెప్పడానికి మళ్ళీ ఫోన్ చేస్తే టెక్నికల్ టీమ్‌కి కలిపారు. పేరు విని సంతోషించాను. ఆ టెక్నికల్ ఆయన మొత్తం విని, "ఇంకొంచెం గ్రీజు పెట్టి గట్టిగా తిప్పండి సార్, అదే కూర్చుంటుంది" అన్నారు. పట్టని మరను గట్టిగా తిప్పితే ఏం కూర్చుంటుందో ఆయనే వచ్చి చూపించాలి. వెనక చక్రం ఇరుసు పట్టే కొక్కేల మధ్య దూరం 126 మిల్లీమీటర్లు ఉంది, తర్వాత వచ్చిన రిమ్ బ్రేకు రోడ్డు సైకిళ్ళ హబ్బులు 130 కదా, ఫ్రేమ్ అయస్కాంతానికి అతుక్కుంటోంది కాబట్టి ఉక్కుదే, కొద్దిగా తెరిపించవచ్చా అని కూడా అడిగాను. "ఏ చక్రమైనా పడుతుంది సార్." సీటు పోస్టు సైజు అడిగాను. అది 0.2 మిల్లీమీటర్ల తేడాతో ఒక్కో సైజు వస్తుంది, సన్నది పెడితే జారుతుంది, సీటు గొట్టం పైభాగం బిగించీ బిగించీ నలిగిపోతుంది. "అడ్జస్ట్ చేసుకోండి సార్." ఆయన దగ్గర అన్నిటికీ ఒకటే సైజు జవాబు ఉంది, అది మాత్రం ఎక్కడా పట్టదు.

డీలర్‌ని అడగమన్నారు. డీలర్ కంపెనీనే అడగమన్నాడు. కంపెనీ సేల్స్ వాళ్ళను అడగమంది. సేల్స్ ఆయన నా మాట పూర్తికాకుండానే కొత్త మోడల్ గురించి చెప్పడం మొదలుపెట్టారు, వాయిదాల్లో కూడా ఇస్తారట. వీళ్ళందరి మధ్య బంతాటలో నేనే బంతిని. మధ్యలో ఇంకో రెండుసార్లు పరిష్కరించబడ్డాను.

మీకొక మాట చెప్పాలి. నేను సైకిల్ నేర్చుకున్నది మీ బిళ్ళ ఉన్న సైకిల్ మీదే. నాన్నది. సీటు అందక ఫ్రేమ్ మధ్యలోంచి కాలు దూర్చి కాంచీ తొక్కాను. తర్వాత చెల్లికి కొన్నదీ మీదే, మా అబ్బాయి మొదటి సైకిలూ మీదే. ఇన్నేళ్ళలో మీకు ఒక్క ఫిర్యాదు రాయలేదు. ఇప్పుడు కూడా సైకిల్ గురించి రాయడం లేదు, గమనించండి. ఫ్రేమ్‌కి ఏమీ కాలేదు. ఎన్నేళ్ళదో గానీ ఒక్క అతుకు దగ్గర కూడా చీలిక లేదు. దాన్ని చేసినవాళ్ళు పని తెలిసినవాళ్ళు. వాళ్ళు చేసినదాని గురించి చెప్పడానికి ఇవాళ మీ దగ్గర ఒక్కరూ లేకపోవడమే నా బాధ.

ఇటాలియన్ కప్పులు నేనే బయట వెతుక్కుంటాను, మీరు పంపనక్కర్లేదు, దయచేసి పంపకండి. పనికిరాని ఆ 68 కప్పు వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వండి, లేదా ఇవ్వకండి, దాని కోసం నేను ఇంత రాయలేదు. నంబరు చూసి మోడలు, సంవత్సరం చెప్పండి. లేదా మా దగ్గర పాత రికార్డులు లేవు అని నిజం ఒప్పుకుంటూ ఒక మనిషి సంతకంతో రాయండి. పదిహేను రోజులు చూస్తాను. తర్వాత చాట్‌లు, మెసేజ్‌లు, ఆ పాట వినిపించిన కాల్ వివరాలతో సహా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. అక్కడ కూడా గేర్లు ఎన్ని అని అడగండి, చూద్దాం. ఆ రివెట్లు కూడా ఊడదీసి బిళ్ళ మీకే పోస్టులో పంపేస్తాను.

ఇట్లు,
మీ లెక్కలో నాలుగుసార్లు సంతృప్తి చెందిన కస్టమర్

తా.క.: పెన్సిల్‌తో రుద్దిన అసలు కాగితం జతచేశాను. నిన్న రాత్రి గదిలో లైటు ఆర్పి, టార్చి పక్క నుంచి వేసి చూశాను. ఐదో అంకె 8.