చన్నీళ్ళ అలవాటుతో వెచ్చని నీటి వేట కుదరదు

సంపాదకులకు,

నమస్కారం. ఎండలు ముదిరాక, చన్నీటి చేప ట్రౌట్‌ను పట్టే వేటగాళ్ళు ఏటిని వదిలి చెరువుల వైపు మళ్ళితే బాగుంటుందని మీ ఆదివారం సంచికలో వేసిన వ్యాసం చూశాం. సలహా మంచిదే. కానీ ‘రాడ్ అదే, లైను అదే, పద్ధతి అదే, చేప ఒక్కటే మారుతుంది’ అన్న వాక్యంతోనే మా పేచీ. అది నమ్మి వెళ్ళినవారికి మొదటి పూట మిగిలేది చిక్కుపడ్డ లీడరు (లైను చివర కట్టే సన్నని దారం), తెగిన టిప్పెట్ (ఆ దారపు కొస ముక్క), అంది జారిపోయిన చేపలు. బరువైన లైనుతో తేలికైన ఎరను విసిరే ఫ్లై ఫిషింగ్‌లో చెయ్యి అలవాటు మీద నడుస్తుంది, ట్రౌట్ నేర్పిన అలవాట్లలో సగం ఇక్కడ ఎదురు తిరుగుతాయి.

ఏటిని ఎప్పుడు వదలాలో మీ వ్యాసం చెప్పలేదు. థర్మామీటరు చెబుతుంది. నీటి వేడి 20 డిగ్రీల సెల్సియస్ దాటితే ట్రౌట్‌ను పట్టకపోవడమే మంచిది. 10 డిగ్రీల నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది. 20 దగ్గర అది 9కి, 30 దగ్గర ఏడున్నరకు దిగుతుంది. నీరు వేడెక్కేకొద్దీ చేప ఒంటికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, సరిగ్గా అప్పుడే నీటిలో తగ్గుతుంది. అలాంటప్పుడు పెనుగులాడిన ట్రౌట్‌ను వదిలితే చక్కగా ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తుంది, తర్వాత ఎక్కడో చస్తుంది. పొద్దున్న ఒకసారి కొలిచి ఊరుకోకూడదు, ఏరు బాగా వేడెక్కేది మధ్యాహ్నం తర్వాతే. లార్జ్‌మౌత్ బాస్, బ్లూగిల్, కార్ప్ లాంటి వెచ్చని నీటి చేపలు మాత్రం 20 నుంచి 27 డిగ్రీల మధ్య హాయిగా మేస్తుంటాయి.

ఇక సరంజామా. ట్రౌట్‌కు వాడే 5 నంబరు రాడ్ బ్లూగిల్‌కు చక్కగా సరిపోతుంది. బాస్‌కు 7 గానీ 8 గానీ కావాలి. చేప బరువును బట్టి కాదు, ఎరను బట్టి. ఆ నంబరు లైను మొదటి 30 అడుగుల బరువును సూచిస్తుంది. 5 నంబరుకు అది 9 గ్రాములు, 8 నంబరుకు పదమూడున్నర. ఫ్లై ఫిషింగ్‌లో ఎర తన బరువుతో ఎగరదు, లైను మోసుకుపోవాలి. బెండుతోనో ఫోమ్‌తోనో చేసి, ఈకలు, రబ్బరు కాళ్ళు తగిలించిన పాపర్ అనే తేలే ఎర గాలికి గొడుగులా అడ్డుపడుతుంది. తేలిక లైనుతో విసిరితే లైను సాఫీగా చాచుకుంటుంది గానీ లీడరు మాత్రం కుప్పకూలి, పాపర్ వచ్చి దాని మీదే పడుతుంది. ముందు భాగంలో బరువు పెట్టిన బాస్ లైను వాడండి. లీడరు ఏడున్నర అడుగులు దాటక్కర్లేదు, దాని కొస మందం 0.28 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ట్రౌట్‌కు వాడే 5ఎక్స్ టిప్పెట్ మందం 0.15 మిల్లీమీటర్లు. నాచులోకి దూరే బాస్‌ను అది ఆపలేదు.

విసురు కూడా నెమ్మదించాలి. వెనక్కి వెళ్ళిన లైను పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు తోయాలి. గాలిలో మూడు నాలుగు సార్లు ఊపడం ట్రౌట్ వేటలో వచ్చిన జబ్బు. ఇక్కడ ఒక్కసారి చాలు. తొందరపడితే పాపర్ తల వెనక్కే తగులుతుంది, అందుకే టోపీ, కళ్ళజోడు లేకుండా విసరకండి. చన్నీటి కోసం చేసిన లైను ఎండకు మెత్తబడి రాడ్ రింగులకు అతుక్కుంటుంది, దూరం పోదు. వేడికి తగిన గట్టి లైను వేరే ఉంది. దాన్ని చలిలో వాడితే స్ప్రింగులా చుట్టలు చుట్టుకుంటుంది, కాబట్టి ఒకటే లైనుతో రెండు కాలాలూ గడపలేం.

అసలు తిరకాసు ఎర నీటి మీద పడ్డాక మొదలవుతుంది. ఏటిలో ఎర ప్రవాహంతో పాటు సాగాలి, కాస్త ఈడ్చుకుపోయినా ట్రౌట్ ముఖం తిప్పుకుంటుంది. చెరువులో ఆ కదలికే ఎర. కలువాకుల అంచున పాపర్ పడింది. చుట్టూ వలయాలు లేస్తాయి. ఏమీ చేయకండి. వలయాలు పూర్తిగా సద్దుమణిగేదాకా, అంటే నింపాదిగా పదీ పదిహేను లెక్కపెట్టేదాకా ఆగండి. ఆ నిశ్శబ్దంలో రబ్బరు కాళ్ళు వాటంతటవే సన్నగా వణుకుతుంటాయి, కింద చేప చూస్తూ ఉంటుంది. అప్పుడు ఎడమ చేత్తో లైనును నాలుగు వేళ్ళ వెడల్పు లాగితే, పాపర్ గుంట ముఖం నీటిని తోసి ‘బుడుక్’మంటుంది. మళ్ళీ ఆగాలి. లాగినప్పటికంటే ఆగినప్పుడే ఎక్కువగా అందుకుంటాయి. ఇంతసేపూ రాడ్ కొస నీటిని తాకేంత కిందికి ఉండాలి. కొస పైకెత్తితే లైను ఉయ్యాలలా వేలాడుతుంది, మీ లాగుడంతా ఆ వేలాటే మింగేస్తుంది.

చేప అందుకున్నప్పుడు రాడ్ పైకెత్తడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు. ట్రౌట్‌కు వాడే కొక్కెం సన్నది, రాడ్ ఎత్తితే చాలు. బాస్ నోరు గట్టిది, కొక్కెం లావుది. రాడ్ ఎత్తితే మెత్తని కొస వంగి ఆ బలాన్ని తాగేస్తుంది. రాడ్‌ను చేప వైపే ఉంచి, ఎడమ చేత్తో లైనును గట్టిగా వెనక్కి గుంజాలి. నీళ్ళు ఎగిరిపడగానే కాదు, లైనులో బరువు తెలిశాక. గుంజినా తగలకపోతే పాపర్ ఒక అడుగు జరుగుతుంది, అంతే. అదే చేప మళ్ళీ రావచ్చు. రాడ్ ఎత్తి ఉంటే ఎర ఈపాటికి చెట్టు కొమ్మకు వేలాడుతుండేది.

బ్లూగిల్ సంగతి వేరు. దాని నోరు చిన్నది, టపటపా కొట్టి రబ్బరు కాళ్ళు మాత్రమే లాగి పోతుంది. కాళ్ళు సగానికి కత్తిరించి, 10 నంబరు చిన్న కొక్కేనికి దిగండి. బాస్‌కు 2 నుంచి 1/0 దాకా పెద్దవి. గుడ్లు పెట్టే కాలంలో లోతు తక్కువ చోట పళ్ళేల్లాంటి గుండ్రని గుంటలు వరసగా కనిపిస్తాయి. వాటికి కాపలా మగ చేపలది. పెద్ద మగవాటినన్నిటినీ ఎత్తుకుపోతే గుడ్లు ఇతర చేపల పాలవుతాయి. ఆ గుంటల దగ్గర పట్టినదాన్ని అక్కడే వదలడం మంచిది.

ఎండ నెత్తికెక్కాక పైన తేలే ఎర పని చేయదు. చేపలు నీడకు, నాచు అంచుకు, పడిపోయిన చెట్టు కిందికి, లోతు మొదలయ్యే గట్టుకు పోతాయి. అప్పుడు క్లౌజర్ మిన్నో తీయండి. 1987లో బాబ్ క్లౌజర్ అమెరికాలోని సస్క్వెహానా నదిలో స్మాల్‌మౌత్ బాస్ కోసం కట్టిన ఎర ఇది. సీసపు కళ్ళను కొక్కెం కాడ మీద కట్టడం వల్ల ఎర తలకిందులై, ముల్లు పైకి తిరిగి ప్రయాణిస్తుంది. అందుకే అడుగున పెద్దగా తగులుకోదు. లాగి వదిలితే ముక్కు కిందికి పెట్టి మునుగుతుంది, కాటు ఆ మునకలోనే పడుతుంది. చేతికి తెలియకపోవచ్చు, లైను పక్కకు జరిగిందా అని కళ్ళు చూస్తూ ఉండాలి.

కొక్కెం ఎదురుముల్లును పటకారుతో అదిమేస్తే విడిపించడం తేలిక. బాస్ పళ్ళు గరుకు కాగితంలా ఉంటాయి, కింది దవడను బొటనవేలితో పట్టుకోవచ్చు. బరువైనదైతే రెండో చెయ్యి పొట్ట కింద ఆన్చాలి, దవడ మీద వేలాడదీయకూడదు. ట్రౌట్‌ను మాత్రం ఇలా దవడ పట్టుకుని ఎత్తకండి. బ్లూగిల్ వీపు ముళ్ళను తల వైపు నుంచి తోక వైపుకు అరచేత్తో అణచి పట్టాలి. పదునైన పళ్ళున్న పైక్ అనే చేప ఉన్న నీళ్ళలో ఎర ముందు తీగ ముక్క కట్టకపోతే మొదటి కాటుకే లీడరు తెగుతుంది.

వెచ్చని నీటి చేపలు దేనికైనా తట్టుకుంటాయన్న ధ్వని కూడా మీ వ్యాసంలో ఉంది. నాచు దట్టంగా ఉన్న చెరువులో మొక్కలు రాత్రంతా ఆక్సిజన్ పీల్చుకుంటాయి, తెల్లవారేసరికి నీటిలో అది అడుగంటుతుంది. గాలి ఆడని వేసవి తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తూ కనిపిస్తే అవి మేస్తున్నాయనుకోకండి, వాటికి ఊపిరి ఆడటం లేదు. ఆ పూటకు రాడ్ సంచిలోంచి తీయకుండా వెనక్కి వెళ్ళాలి.

ఇట్లు,
ఫ్లై ఫిషింగ్ అభిమానులు కొందరు